అత్తమ్మ సంతకం

ఆళ్లగడ్డ, 1985, మంగళవారం

అత్తమ్మకు సంతకం నేర్పకుండా ఉండాల్సింది.

ఎదురింటామె షేర్లు కొన్నదని పోయిన నెల ఈమె కూడా నంద్యాలలో షేర్లు అమ్మే ఆఫీసుకు వెళితే, అక్కడి గుమాస్తా వెనక్కి పంపాడు. "వేలిముద్రోళ్లకు ఇయ్యమమ్మా. లాభమేందో నష్టమేందో చదివి తెలుసుకునేటోళ్లకే" అన్నాడట. అత్తమ్మకు రోషం వచ్చింది. ఆ రోజు నుంచి సాయంత్రం పూట పొయ్యిలోని బూడిద నేల మీద పరిచి, నా చేత తన పేరు రాయించుకుని, వేలితో దిద్దుతూ కూర్చునేది. నాకూ సంబరంగానే ఉండేది.

ఈ రోజు గేదెను అమ్మిన డబ్బుతో ఇద్దరం వెళ్లాం. గుమాస్తా సంతకం చూశాడు, ఇంకేమీ అడగలేదు. అంతకుముందు మా ముందున్నాయనతో మాత్రం, "ధర పడితే అసలు గూడా పోతాదప్పా, మా పూచీ లేదు" అనడం నేను విన్నాను. అత్తమ్మ వినలేదు. పేరు తప్పు పోకుండా గాలిలో వేలితో రాసుకుంటోంది. అంతమంది మగవాళ్ల మధ్య నాకు నోరు పెగల్లేదు.

బస్సులో ఆమె ఒకటే నవ్వు. "చూస్తివా పిల్లా, నీ మొగుడు గూడా ఇంత బాగా పెట్టడు సంతకం!" అప్పుడైనా చెప్పాల్సింది.

ఇందాక ఆ షేర్ల కాగితం దిండు కింద దాచుకుంటూ, "రేపట్నుంచి మిగతా అచ్చరాలు గూడా నేర్పు. దీంట్లో ఏం రాసిండారో నేనే చదువుకుంటా" అంది.

సరేనన్నాను. అదంతా ఇంగ్లీషులో ఉందని, నాకూ చదవడం రాదని చెప్పలేకపోయాను...