ఇంటికి పిలిచే బూర

నాన్నా,

నేను క్షేమం, కంగారుపడకు. కుక్కలతో నక్కల్ని వేటాడటం నిషేధించాలని ఊరూరా సంతకాలు సేకరిస్తున్నాం. మొన్న శనివారం వేటకుక్కల మంద ఒక నక్కను చర్చి గోడ దాకా తరుముకొచ్చింది. వేట ముగిశాక కుక్కల్ని ఇంటికి పిలవడానికి నువ్వు బూర ఊదేవాడివే, అచ్చం అలాగే ఊదాను. మంద మొత్తం నక్కను వదిలేసి, తోకలాడిస్తూ నా వెంట వచ్చేసింది! నీ పాత యజమాని కర్నల్ థ్రెల్‌ఫాల్ మండిపడుతూ వచ్చి, నా బూరను గుర్రంతో తొక్కించాడు.

"నా కుక్కల్ని సాకినవాడి కూతురివై ఉండి ఇదేం పనే? మీ నాన్న వింటే సిగ్గుతో చచ్చిపోతాడు!"

"అడిగి చెబుతాలే, దొరా!" అన్నాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అల్లం కేకు పంపమను. నీకు సిగ్గనిపిస్తే కేకు ఒక్కటే పంపు. లేదంటే అటక మీదున్న నీ రాగి బూర కూడా కేకుతో పాటు పెట్టు. శనివారం మళ్లీ వేట ఉంది.

అమ్మకు ముద్దులతో,
నీ హెస్టర్