ఆయమ్మ అడిగిన మాట

ఆదివారం రాత్రి, ఆగస్టు 2006

ధర్మపురి కల్యాణమండపంలో ఈ రోజు చిన్న సినిమాల పండగ. మా తెలుగు సంఘం పత్రికకు విమర్శ రాయాల కదా అని పోయినాను. తోడుకు అమ్మను పిలుచుకొని పోయినాను.

మూడో సినిమా మన కడత్తూరు పక్క తీసింది. ఎండిన చెనిక్కాయల చేను, గట్టు మీద ఒక ముసలమ్మ. సినిమా అంతా మాటే లేదు. చివర్లో ఆయమ్మ నేరుగా మనల్ని చూసి మన తెలుగులోనే ఏదో అడుగుతుంది, వెనక ఫ్లూటు ఏడుస్తుంది. హాల్లో ఉండే తమిళం వాళ్ళంతా ఊపిరి బిగబట్టినారు. అప్పుడు అమ్మ గట్టిగా, "తింటిమమ్మా, నువ్వు తింటివా?" అనింది. అందరూ తిరిగి చూసినారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

అయినాక డైరెక్టరు మా దగ్గరికి వచ్చినాడు. చెన్నై మనిషి, తెలుగు రాదు. సినిమాలో ముసలమ్మ ఏమనిందని తమిళంలో అడిగినాడు. "పొద్దున్నుంచీ ఎండలో నిలబడుండారే, ఏమన్నా తింటిరా నాయనా" అని మిమ్మల్నే అడిగింది అన్నాను. ఆయన మొగం చిన్నబోయింది. "వాన కోసం ఏడుస్తా ఉందనుకున్నాము. కెమెరా సర్దుకొని వచ్చేసినాము" అన్నాడు.

ఇప్పుడు విమర్శ ఎట్ల రాసేది? వాళ్ళు చూసిన సినిమా ఒకటి, మేము చూసింది ఇంకొకటి. ఏది మంచిదో తెలీడం లేదు. ఆ ఫ్లూటు తీసేసి చూస్తే ఎట్లుంటుందో...

బస్సులో అమ్మను కోప్పడినాను, సినిమాలో మనిషికి ఎవరన్నా జవాబు చెప్తారా అని.

"నీకూ అర్థమయ్యింది కదా," అనింది అమ్మ. "తింటిరా అని అడిగితే నువ్వెట్ల గమ్మునుంటివి?"