సీజ్ అంటే కూర్చోవడం

5 మార్చి 2005, శామీర్‌పేట

ఇవ్వాళ వెంచర్ గోడ నాలుగోవైపు కూడా లేచింది. మధ్యలో మా ఇల్లు. స్కూటర్ పట్టేంత సందు వదిలారు, అదీ దయతలచి. వెంచర్ ఓనర్ రవీందర్ మనుషులు ఆ సందు దగ్గర కుర్చీలేసుకుని కూర్చుంటారు. ఏమీ అనరు. తిన్నవా అమ్మా అని పలకరిస్తారు కూడా.

నాయిన ఇల్లు అమ్మనంటే అమ్మనంటాడు. ఇంట్ల మనిషి లేకుంటే జర్రసేపట్ల కబ్జా జేస్తరట. యాప్రాల్‌లో ఎవరో పెండ్లికి పొయ్యొచ్చేసరికి తలుపుకు వేరే తాళం ఉందట. నాయిన, వీరేందరన్న కోర్టుల చుట్టూ తిరుగుతారు. మనిషి అంటే నేనే.

9 మార్చి

బస్సు హారన్ ఇక్కడికి వినపడుతుంది. రోడ్డు చూసి వారమైంది.

12 మార్చి

బి.ఏ.లో నాకు మిగిలింది ఒక్క ఇంగ్లిష్ పేపర్. నోట్స్‌లో సీజ్ అనే మాట వచ్చింది. ముట్టడి అని తెలుసు. అన్న పాత డిక్షనరీలో మూలం చూశాను. పాత ఫ్రెంచ్‌లో ఆసనమట. దాని వెనక లాటిన్‌లో కూర్చోవడమట. కోట ముందు సైన్యం కూర్చుంటుంది, లోపలివాళ్లకు తిండి అయిపోయేదాకా. ఛీ, ఇంతేనా! నేను ఫిరంగులనుకున్నాను. ఎవరి పిర్రలు ముందు నొస్తే వాళ్లు ఓడినట్టన్నమాట.

అదే రోజు, సాయంత్రం 6

ఇరవై ఎనిమిదిన మేడ్చల్‌లో పరీక్ష అని నాయినకు చెప్పాను. గా దినమే కోర్టు వాయిదా ఉందన్నాడు. పరీక్ష మల్ల రాయొచ్చు బిడ్డా, ఇల్లు పోతే మల్ల రాదన్నాడు. నిజమే. నిజం కాబట్టే ఒళ్లు మండింది. ఇది మూడోసారి రాయడం. ఈసారీ పోతే ఇగ చదువు బంద్ చేయిస్తాడు, నాకు తెలుసు.

20 మార్చి

చదివిందే చదువుతున్నాను.

27 మార్చి

అవ్వ పిలిచింది. ఎనభై ఏండ్లు, మోకాళ్లు పనిచేయవు, అందుకే నాయిన ఆమెను కాపలా లెక్కలో వేయడు. గింత పరేషాన్ ఏందే, కూసునుడే గద పని, నాకంటె మంచిగ కూసునేటోళ్లు గీ ఊర్ల ఉన్నరా అంది. మీ నాయినకు జెప్పకంది. మస్తు నవ్వాను. తర్వాత భయమేసింది. అయినా వద్దనలేదు.

28 మార్చి, ఉదయం 8

నాయిన, అన్న వెళ్లారు. అవ్వను గడప లోపల కుర్చీలో కూర్చోబెట్టాను. పక్కన చెంబుతో నీళ్లు. జల్దీ పో అని కసిరింది.

సాయంత్రం

రోడ్డు పక్కన అదే కుర్చీలో అవ్వ. చుట్టూ మా గిన్నెలు, బట్టల మూటలు. సందుకు రేకులు కొట్టేశారు. మస్తు మర్యాదగ మోసిన్రు బిడ్డా, కుర్చీతోని, చెంబుల నీళ్లు గూడ ఒలకనియ్యలే అని ఏడ్చింది. నాయిన వచ్చాడు. నా వైపు చూడలేదు.

29 మార్చి

పేపర్ చాలా బాగా రాశాను. ఎవరికీ చెప్పను.