పద్నాలుగో నంబరు పెట్టె

నార్కట్‌పల్లి,
15 మే 2023, సోమవారం.

ఇవాళ్టి పని: బిందెలు ఆరు నింపాను. పచ్చడి జాడీలు రెండు ఎండకు పెట్టాను. బట్టలు పదకొండు ఉతికాను. పన్నెండోది బకెట్‌లోనే ఉంది.

బిడ్డా అనూహ్యా,

ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఆ పన్నెండోది నీ డ్యూటీ ప్యాంటు. "ఉతుకకమ్మా, గట్లనే బీర్వల పెట్టు" అని నిన్న బస్సెక్కే ముందు రెండుసార్లు చెప్పావు. మాసిన బట్ట నా బీరువాలోకి ఎన్నడైనా పోయిందా? నానబెట్టి బండ మీద కొట్టాను. టంగుమంది. కాలి మడత విప్పితే రేకుకు బెజ్జం వేసే వేలెడంత డ్రిల్ బిట్టు. దాని మీద పద్నాలుగు అని చెక్కి ఉంది.

పద్నాలుగంటే ఏమిటో నువ్వే చెప్పావు. మీ షెడ్డులో విమానం రేకు మార్చేటప్పుడు నువ్వు బయట నుంచి రివెట్లు కొడితే, లోపల దూరి ఇనుప దిమ్మ అదిమి పట్టేది కోస్గి కమలాకర్. మీ ఇద్దరికీ ఒకటే పనిముట్ల పెట్టె, పద్నాలుగో నంబరు. అందులో ఒక్క బిట్టు తక్కువైనా విమానం కదలదు. ఏప్రిల్‌లో తక్కువైంది. బిగించిన రేకులు మళ్లీ విప్పి రెండు రోజులు వెతికారు. ఆ రోజు పెట్టెకు సంతకం పెట్టింది కమలాకర్ గనుక అతన్ని పనిలోంచి తీసి ఇంటికి పంపారు.

ఆ పిల్లవాడు రెండు బస్సులు మారి, మిట్టమధ్యాహ్నం మన వాకిట్లోకి వచ్చాడు. "అమ్మా, అనూహ్యను ఒక్కసారి జేబులు సూసుకొమ్మనుండ్రి. గంతే" అన్నాడు.

"సంతకం నువ్వు వెట్టి నా బిడ్డ జేబులు దేవులాడ్తవా? నడువ్!" అన్నాను. గడప ఎక్కనివ్వలేదు. చెంబెడు నీళ్లు ఇవ్వలేదు. నువ్వు తలుపు వెనకే నిలబడి అంతా విన్నావు.

జేబు చిరిగి బిట్టు మడతలోకి జారిందంటే నేను నిన్ను ఒక్క మాట అనను. కానీ ఆ మడతకు నల్లదారంతో కుట్టు పడింది. వెనక్కి ఒక పోటు, ముందుకు రెండు. ఆ కుట్టు నీకు నేర్పింది నేను. దానితో ఒకడి నోటికాడి కూడు లాగేశావు!

భయపడ్డానంటావు. మరి ఏ మోరీలోనో విసిరేయలేదెందుకు? మనసు రాలేదు. ఆ ఒక్క కారణంగానే నేను మీ షెడ్డు గేటు దగ్గరికి రాకుండా నీకు రాస్తున్నాను. బిట్టు ఈ కవరులోనే ఉంది. చేర్చాల్సిన చోట నువ్వే చేర్చు. వచ్చే సోమవారం లోపు చేర్చకపోతే మంగళవారం నేనే గేటు ముందు నిలబడతాను.

మీ అమ్మ,
పుష్ప

నార్కట్‌పల్లి,
28 మే 2023, ఆదివారం.

ఇవాళ్టి పని: బియ్యం చెరిగాను. డ్యూటీ ప్యాంటుకు కొత్త గుడ్డతో జేబు కుట్టాను.

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. బిట్టు తీసి మీ ఇంజనీరు ముందు పెట్టావని, నిన్ను ఆరు నెలలు రావద్దన్నారని, కమలాకర్‌ను మళ్లీ పిలిచారని రాశావు. ఏడుస్తున్నానని రాశావు. ఏడువు. నా కోపం ఇంకా దిగలేదు.

నిన్న కోస్గి పోయాను, రెండు బస్సులు మారి. కమలాకర్ తల్లి సుక్కమ్మ వాకిలికి అడ్డం నిలబడింది.

"గీ ఎండల నా కొడుకును ఎల్లగొట్టింది నువ్వేనా?"

"నేనే. తప్పయింది."

"అయితే వాడు నిలవడ్డంత సేపు నువ్వు గూడ ఎండల నిలవడు."

నిలబడ్డాను. చెప్పులోంచి కాలు కాలింది. లోపలి నుంచి కమలాకర్ "అమ్మా, ఇగ సాలు, లోపలికి రానియ్యి" అంటూనే ఉన్నాడు. "నీకెందుకురా? గిది మా ఇద్దరి లెక్క" అంది. చివరికి తానే చెంబు తెచ్చి నా చేతికిచ్చింది. "తాగు. నీ తీరుగ నేను జెయ్య" అంది. ఆ మాట ఎండకన్నా ఎక్కువ కాల్చింది.

కమలాకర్ బస్టాండు దాకా వచ్చాడు. "అనూహ్య మళ్లొచ్చినంక దిమ్మ నేనే పట్టుకుంట. జేబు మాత్రం జర కుట్టియ్యుండ్రి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జేబు కుట్టాను.

సంచి సర్దుకుని రా. ఈ ఆరు నెలలూ నా ముందు తిరుగు. తిడతాను, తిండి పెడతాను.

మీ అమ్మ,
పుష్ప

బాకీ: కమలాకర్‌కు చెంబెడు నీళ్లు. కోస్గిలో, ఎండలో నిలబడి తీర్చాను.