పడవ మీద నా పేరు

నాన్నా,

చేప సూప్ ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తిను. కుక్కకి మందు వెయ్యడం మర్చిపోకు. నేను బేకరీ నుంచి రాత్రికి గానీ రాను.

లాప్‌టాప్ బల్ల మీద తెరిచే ఉంచాను. కమ్యూనిటీ కాలేజీ గ్రాంటుకి గవర్నమెంటు నీ పన్ను వివరాలు చూసుకోవచ్చని నువ్వే ఒప్పుకుని బటన్ నొక్కాలి. నీ బదులు నేను నొక్కితే చెల్లదు. ఇవాళే ఆఖరు. నువ్వు ఒప్పుకోకపోతే గ్రాంటు రాదు, అప్పు చేసి చదువుకోవడమేనని కాలేజీ ఆఫీసులో మిస్ ఓడెట్ తెగేసి చెప్పింది. ఇరవై నాలుగేళ్లు నిండేదాకా వాళ్ల లెక్కలో నేను నీమీద ఆధారపడ్డదాన్నేనట!

“నా సంపాదన సంగతి గవర్నమెంటుకెందుకే?” అని నిన్న గయ్యిమన్నావు. మరి ఏటా పన్ను కట్టించుకునేది ఎవరు, పక్కింటివాళ్లా? పడవ కొన్నప్పుడు అప్పు కోసం ఆ పన్ను కాగితాలే షోరూం వాడు అడక్కముందే చేతిలో పెట్టావు. ఒక్క ముక్క చదవకుండా సంతకాలు గీకేశావు. ఆ పడవకి నా పేరు పెట్టావని నేను మురిసిపోయాను కూడా, సిగ్గులేక.

కోరిన్

బీపీ మాత్ర కాఫీ కప్పు పక్కన పెట్టాను, వేసుకో. అక్కడే ఉన్న శాండ్‌పేపర్ నాది. నేనొచ్చేసరికి నువ్వు ఆ బటన్ నొక్కి ఉండకపోతే, పడవ మీద నా పేరు నేనే గీకి పారేస్తాను.