రేవుల్లో ఆగే ఓడ

కొచ్చిన్, 12-11-98

తమ్ముడు మధుబాబుకి,
దేవుని దయవల్ల కులాసాగా చేరేను. మీ బావగారు ఈతకొలనున్న పెద్ద ఓడకే టికెట్లు తియ్యమన్నారు. అది గోవాలో తప్ప ఎక్కడా ఆగదుట! ఇన్నేళ్లూ క్లాసులో చెప్పిన కాలికట్ రేవు, కన్ననూరు కోట చూడొద్దూ? చిన్న ఓడకే తీసేను. "ఒడ్డుకి దూరంగా ఆగుతుంది, చిన్న పడవలోకి దిగాలి, ఆడవాళ్లకి కష్టం" అన్నాడు గుమస్తా. చీర ఎగదోపుకుని రోజూ గోదారి దాటి బడికెళ్లినదాన్నండీ అన్నాను. ఫోనులో చెబితే బావగారు అలిగేరు. ఈతకి మన కాలవుందని చెప్పి, శనివారం రైలెక్కించు. నా కాన్వాసు బూట్లు, నిమ్మకాయ పచ్చడి ఆయనతో పంపు. కొబ్బరి దింపు నువ్వే చూసుకో. నాన్నగారికి వందనాలు, పిల్లలకి దీవెనలు. ఈ ఓడ ప్రతి రేవులోనూ ఆగుతుంది గానీ, మీ బావగారి అలక తీరేదాకా ఆగదు.

మీ అక్క,
లిడియా