మెడలో చెక్క బాతు

లోవెల్ అన్నయ్యకు,

కెంటకీలో అందరం కులాసా. "పరువుపోయే పని చేశావంటే నాన్న చెకుముకి తుపాకీ తిరిగి పంపించెయ్" అన్నావు గనుక, నా మొదటి తుపాకీ పోటీ సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సీసపు గుండును గుడ్డముక్కలో చుట్టి, కర్రతో గొట్టం అడుగుదాకా దట్టించాను. మీట నొక్కగానే రాయి నిప్పు రాల్చింది, పైనున్న చిటికెడు తుపాకీమందు భగ్గుమంది. గుండు మాత్రం కదల్లేదు. గొట్టంలో మందు పోయడమే మరిచాను.

అలా మరిచినవాళ్ళు, ఇంకొకరు మరిచేదాకా, మెడలో చెక్క బాతు వేసుకు తిరగాలట. ఇన్నాళ్ళూ దాన్ని మోసిన ముసలి హార్లన్ పరుగున వచ్చి నా మెడలో వేశాడు.

"నీ కడుపు చల్లగుండ తల్లీ. దీంతో మీ అన్న రెండేళ్ళు ఊరేగాడు. చర్చికి కూడా ఇదేసుకునే వచ్చేవాడు" అన్నాడు.

నవ్వలేక చచ్చాను. ఇరుక్కున్న గుండు తీయించుకుని, ఈసారి మందు పోసి కొట్టాను. గురి కోసం చెట్టుకు వేలాడదీసిన పెనం ఠంగుమంది.

పరువుపోయినవాళ్ళ దగ్గర ఆ తుపాకీ ఉండకూడదంటే, నీ దగ్గర ఇన్నేళ్ళు ఎలా ఉందన్నయ్యా? తుపాకీ పంపను. బాతు కావాలంటే చెప్పు.

నీ బాతు చెల్లెలు